రాబ్ బరో గురించి, మా మాస్టారి విజిల్ గురించి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ క్రీడల పేజీలో, ఆట మానేశాక ఛాంపియన్లు ఏం చేస్తున్నారనే వ్యాసం చదివాను. ఒకరు కామెంటరీ చెబుతున్నారు, ఒకరు అకాడమీ పెట్టారు, ఒకరు ఎన్నికల్లో నిలబడ్డారు. చివరిదాకా ఒక పేరు కోసం వెతికాను. కనపడలేదు. రాబ్ బరో. ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరానికి ఆడిన రగ్బీ లీగ్ ఆటగాడు. 2024 జూన్ 2న, 41 ఏళ్లకే కన్నుమూశాడు. అతని గురించి తెలుగులో నాలుగు మాటలు అచ్చులో పడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

మాది తుని దగ్గర పల్లె. నేను ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. మావారు పక్క మండలంలో పీఈటీ. అసలు పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, అందరికీ ఆయన డ్రిల్లు మాస్టారే. కుర్రతనంలో కబడ్డీ బాగా ఆడేవారు. ఆయనది పొట్టి శరీరం. కూతకు వెళ్తే నలుగురు గొలుసు కట్టి మీదకొచ్చినా వాళ్ల చేతుల కిందుగా దూరి గీత తాకి వచ్చేసేవారని ఆయన జట్టువాళ్లు ఇప్పటికీ చెబుతారు. 2015 వేసవి సెలవులు అయిపోయి బళ్లు తెరిచిన వారంలో, ఒకరోజు ఇంటికొచ్చి "విజిల్ మోగట్లేదే, కొత్తది కొనాలి" అన్నారు. కొత్తది కొన్నారు. అదీ మోగలేదు. పాడయింది విజిల్ కాదని తెలియడానికి మాకు పదకొండు నెలలు పట్టింది.

ఆ పదకొండు నెలల్లో మెడ ఎముకలు అరిగాయన్నారు, ఆపరేషన్ చేశారు, ఫిజియోథెరపీ అన్నారు. ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు అన్నది ఇప్పుడు నాకు అవసరం లేదు. చివరకు విశాఖలో ఒక న్యూరాలజిస్టు చేతి కండరాలు, నాలుక పరీక్ష చేసి, కాగితం మీద ఇంగ్లిషులో మూడక్షరాలు రాశారు. ఏఎల్ఎస్. దాన్నే మోటార్ న్యూరాన్ డిసీజ్ అంటారని, మెదడు నుంచి కండరాలకు కబురు మోసే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయని, మందు ఉన్నా అది కొద్ది నెలలు మాత్రమే జాప్యం చేస్తుందని చెప్పారు. మనిషి మాత్రం లోపల చాలా మటుకు మామూలుగానే ఉంటాడు. అన్నీ తెలుస్తుంటాయి. 2018 మార్చిలో ఆయన పోయారు.

రాబ్ బరో పేరు నేను మొదట విన్నది 2023లో. మా అమ్మాయి, అల్లుడు లీడ్స్‌లో ఉంటారు. పురిటికని ఏప్రిల్‌లో వెళ్లాను. హెడింగ్లీ అంటే మనవాళ్లకు క్రికెట్ మైదానమే గుర్తొస్తుంది. అక్కడికి వెళ్లాక చూశాను, ఆ క్రికెట్ మైదానానికి వీపు ఆనించుకుని రగ్బీ మైదానం ఉంది. మధ్యలో ఒకే స్టాండు, ఇటు కూర్చుంటే క్రికెట్, అటు కూర్చుంటే రగ్బీ. ఆ వీధుల్లో ఎర్ర ఇటుకల ఇళ్ల కిటికీల్లో నీలం, పసుపు జెండాలు, వాటి మీద 7 అంకె. ఏ పార్టీ గుర్తోననుకున్నాను. అల్లుణ్ణి అడిగితే, "పార్టీ కాదు అత్తయ్యా, రాబ్ జెర్సీ నంబరు. ఆయనకీ మావయ్యగారికి వచ్చిన జబ్బే" అన్నాడు. ఆ రోజు వంట చేస్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో తిరిగింది.

ఆట గురించి అల్లుడే చెప్పాడు. నాకు కబడ్డీ తెలుసు కాబట్టి తొందరగానే అర్థమైంది. జట్టుకు పదమూడు మంది. బంతి చంకలో పెట్టుకుని ఎదుటివాళ్ల మీదకు పరిగెత్తాలి, చేత్తో ఇవ్వాలంటే మాత్రం వెనక్కే ఇవ్వాలి. ఎదుటివాళ్లు భుజాలతో గుద్ది పట్టి పడేస్తారు. పడినవాడు లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తే ఆట మళ్లీ సాగుతుంది. ఇలా ఆరుసార్లు పట్టుబడేలోపు అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనించాలి. లేకపోతే బంతి వాళ్లది. ఊపిరి లెక్క బదులు పట్టుల లెక్క, అంతే.

రగ్బీలో రగ్బీ లీగ్ అనే ఈ శాఖ ఎలా పుట్టిందో విన్నాక నాకు ఆ ఆట మీద గౌరవం కలిగింది. యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాల్లో బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆడాలంటే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి ఇప్పించండి అంటే ఆటను నడిపే పెద్దమనుషులు ఒప్పుకోలేదు. దాంతో 1895లో ఉత్తరాది క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్ ఊళ్లో ఒక హోటల్లో కూడి విడిపోయాయి. కూలి పోగొట్టుకోలేనివాళ్ల ఆట అది. రాబ్ పుట్టింది 1982లో, ఆ బొగ్గు ఊళ్ల మధ్యనే, పాంటిఫ్రాక్ట్‌లో. చిన్నప్పుడు ఫెదర్‌స్టోన్ లయన్స్ అనే పల్లె క్లబ్బుకు ఆడాడు.

ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. మా మాస్టారంత. వంద కిలోలు దాటిన మనుషులు ఆడే ఆటలో ఇతనేం నిలబడతాడని చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారట. అదే మనిషి 2001 నుంచి 2017 దాకా ఒకే క్లబ్బుకు, లీడ్స్ రైనోస్‌కు, 492 మ్యాచులు ఆడాడు. ఎనిమిదిసార్లు సూపర్ లీగ్ (అక్కడ ఈ ఆటకు అదే పెద్ద పోటీ) ఛాంపియన్‌షిప్, రెండుసార్లు ఛాలెంజ్ కప్, మూడుసార్లు వరల్డ్ క్లబ్ ఛాలెంజ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఇంగ్లండ్‌కు, గ్రేట్ బ్రిటన్‌కు ఆడాడు.

ఈ అంకెల కన్నా నాకు గుర్తుండిపోయింది 2011 సూపర్ లీగ్ ఫైనల్. మాంచెస్టర్‌లో, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, సెయింట్ హెలెన్స్ మీద. ఆ ఏడాది లీడ్స్ పట్టికలో అయిదో స్థానంలో ఉండి ఫైనల్‌దాకా వచ్చింది. రాబ్ బంతి అందుకుని తల వంచి, తన మీదకొచ్చిన చేతుల కిందుగా దూరి, ఇటు ఒకణ్ణి అటు ఒకణ్ణి తప్పించుకుంటూ సగం మైదానం పరిగెత్తి గీత దాటాడు. అల్లుడు లాప్‌టాప్‌లో ఆ ముక్క చూపించాడు. రెండోసారి వేయమన్నాను. మూడోసారీ వేయమన్నాను. ఆ దూరడం నాకు తెలిసిన దూరడమే. ఆ ఫైనల్లో ఉత్తమ ఆటగాడి బహుమతికి ఓటేసిన విలేకరులంతా అతని పేరే రాశారట. 2017 ఫైనల్లో కాసిల్‌ఫోర్డ్ మీద గెలిచి, కప్పు చేతపట్టుకుని ఆట నుంచి తప్పుకున్నాడు.

మీ వ్యాసంలోని మిగతా ఛాంపియన్ల కథ ఇక్కడితో అయిపోతుంది. ఇతని కథ ఇక్కణ్ణుంచే మొదలైందని నా అభిప్రాయం.

రైనోస్ కుర్రాళ్లకు కోచింగ్ ఇస్తున్న రోజుల్లో మాట తడబడటం మొదలైంది. 2019 డిసెంబరులో మోటార్ న్యూరాన్ డిసీజ్ అని తేలింది. వయసు 37. ముగ్గురు పిల్లలు, చివరివాడికి అప్పుడప్పుడే ఏడాది నిండింది. వారం తిరిగేసరికి తనే అందరికీ చెప్పేశాడు. మరుసటి నెల, 2020 జనవరిలో, హెడింగ్లీలో అతని కోసం ఒక మ్యాచ్ పెట్టారు. బ్రాడ్‌ఫర్డ్ మీద. టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. చివరి కొద్ది నిమిషాలు రాబ్ 7 నంబరు చొక్కా వేసుకుని, పాత జట్టువాళ్లతో కలిసి మైదానంలోకి దిగాడు. అప్పటికే మాట ముద్దగా వస్తోంది.

వారంలోపే చెప్పేశాడు. నేనేం చేశానో రాయాలి, లేకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. నేను మావారిని దాచాను. చుట్టాలకు పక్షవాతం అని చెప్పాను. ఆ పేరు చెబితే అందరికీ తెలుస్తుంది, ఇంకేమీ అడగరు. చొంగ కారుతుంటే ఎవరూ చూడకూడదని ముందు గది తలుపు వేసి ఉంచేదాన్ని. 2017 టీచర్స్ డే నాడు ఆయన కబడ్డీ పిల్లలు పదిహేను మంది సైకిళ్ల మీద వచ్చారు, జిల్లా పోటీల్లో గెలిచిన కప్పు తీసుకుని. మాస్టారు పడుకున్నారు, తర్వాత రండని గేటు దగ్గర నుంచే పంపేశాను. ఆయన పడుకోలేదు. కిటికీ పక్కన కుర్చీలోనే ఉన్నారు. సైకిల్ బెల్లులు విన్నారు. ఆ సాయంత్రం ఆయన నా వైపు చూడలేదు.

2023 మే 14, ఆదివారం. రాబ్ పేరు మీద లీడ్స్‌లో మొదటిసారి మారథాన్ పెట్టారు. మా అమ్మాయికి నెలలు నిండాయి, వద్దన్నా వినకుండా మడత కుర్చీ పట్టించుకుని ఓట్లీ రోడ్డు పక్కకు వచ్చింది. నేను రెండు స్వెట్టర్లు వేసుకున్నాను. జనం ముందు గుసగుసగా, తర్వాత పెద్దగా అరవడం మొదలుపెట్టారు. చక్రాల కుర్చీని తోసుకుంటూ ఒక ఎత్తయిన మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. కెవిన్ సిన్‌ఫీల్డ్. లీడ్స్ రైనోస్‌కు ఏళ్ల తరబడి కెప్టెన్. కుర్చీలో రాబ్. తల ఒక పక్కకు వాలి ఉంది. చేతులు ఒళ్లో కట్టెల్లా. ఆ మెడ ఎలా వాలుతుందో, ఆ వేళ్లు ఎలా ముడుచుకుంటాయో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నపిల్లలు భుజాల మీదెక్కి చేతులూపుతున్నారు. ఎవరూ మొహం తిప్పుకోలేదు. చూసి జాలిగా చప్పరించలేదు. తమ ఛాంపియన్‌ని చూసినట్టు చూశారు.

ముగింపు మేం రాత్రి టీవీలో చూశాం. ఇరవై ఆరు మైళ్లకు పైగా, నాలుగు గంటలకు పైగా తోసుకొచ్చిన కెవిన్, హెడింగ్లీలో గీత ముందు ఆగి, బెల్టులు విప్పి, రాబ్‌ని రెండు చేతులా ఎత్తుకుని గీత దాటాడు. దాటి, బుగ్గ మీద ముద్దు పెట్టాడు. రాబ్ భార్య లిండ్సీ కూడా ఆ రోజు మారథాన్ మొత్తం పరిగెత్తింది. ఆవిడ ఫిజియోథెరపిస్టు. భర్తను చూసుకుంటూ, ముగ్గురు పిల్లల్ని చూసుకుంటూ ఉద్యోగమూ మానలేదు. మనిషిని ఎత్తి కూర్చోబెట్టి, పడుకోబెట్టి, అన్నం పెట్టి, మళ్లీ ఎత్తి చేసినవాళ్లకు తెలుస్తుంది, అలా చేస్తూ మారథాన్‌కు కాళ్లను సిద్ధం చేసుకోవడం ఎంత పనో.

కెవిన్ చేసింది అదొక్కటే కాదు. 2020 డిసెంబరులో, కోవిడ్ రోజుల్లో, స్నేహితుడి చొక్కా నంబరు గుర్తుగా ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరిగెత్తాడు. 77,777 పౌండ్లు పోగవుతాయేమో అనుకున్నారు. 20 లక్షల పౌండ్లు దాటింది. మరుసటి ఏడాది లెస్టర్ నుంచి లీడ్స్‌కు 24 గంటల్లో 101 మైళ్లు. 2022లో ఎడిన్‌బరో నుంచి మాంచెస్టర్ దాకా మళ్లీ ఏడు రోజులు. 2024 జనవరిలో యువరాజు విలియం హెడింగ్లీకే వచ్చి ఇద్దరికీ ఒకే రోజు సీబీఈ అనే బ్రిటన్ గౌరవ పురస్కారం పతకాలు ఇచ్చారు.

నన్ను అన్నిటికన్నా కదిలించింది రాబ్ గొంతు సంగతి. మాట పూర్తిగా పోకముందే అతని గొంతును దాచారు. పాత ఇంటర్వ్యూల్లో మాట్లాడిన మాటల్ని కూడా కలిపి కంప్యూటర్‌లో అతని గొంతు తయారు చేశారు. తర్వాత కళ్లతో తెర మీది అక్షరాల్ని చూస్తుంటే, ఆ కంప్యూటర్ అతని గొంతుతో, అతని యార్క్‌షైర్ యాసతో పలికేది. 2022 డిసెంబరులో బీబీసీ పిల్లల చానెల్లో అలాగే నిద్రపుచ్చే కథ చెప్పాడు. ఒక తండ్రి, పెదవి కదపలేని తండ్రి, దేశంలో పిల్లలందరికీ కథ చెప్పి పడుకోబెట్టాడు.

మా మాస్టారి గొంతు మా దగ్గర పద్నాలుగు సెకన్లు ఉంది. ఎవరో కుర్రాడు ఫోన్‌లో తీసిన కబడ్డీ వీడియో. అందులో ఆయన కనపడరు, అరుపు వినపడుతుంది. "లైన్ చూడరా, లైన్ చూడు, కాలు!" అని. అంతే. లీడ్స్‌లో పుట్టిన మనవరాలికి తాతయ్య గొంతు అంటే ఆ అరుపే. ఆ రోజు విశాఖలో డాక్టరుగారు మూడక్షరాలు రాసినప్పుడు, "అమ్మా, ఈ వారంలోనే ఈయన చేత మాట్లాడించి రికార్డు చేయండి, ఫోన్‌లో అయినా సరే" అని ఎవరన్నా అని ఉంటే! అప్పటికి ఇంకా నాలుగు నెలల మాట మిగిలి ఉంది. మందు ఖర్చు గురించి, ట్యూబు గురించి, వెంటిలేటర్ గురించి చెప్పారు. గొంతు గురించి ఎవరూ చెప్పలేదు. మన న్యూరాలజిస్టులందరికీ మీ పత్రిక ద్వారా చేతులు జోడించి చెబుతున్నాను. జబ్బు పేరు చెప్పిన రోజే ఈ మాట కూడా చెప్పండి.

గొంతు పోయాక మాకు మిగిలింది కనురెప్ప. నేను తెలుగు టీచర్ని కాబట్టి ఒక చార్టు గీశాను. ఇంగ్లిషయితే 26 అక్షరాలు, ఒకటొకటిగా చూపించినా పని జరుగుతుంది. మనకు గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి కదా. అందుకని ముందు వరుసలు పెట్టాను. అచ్చులు ఒకటి, క వర్గం రెండు, చ వర్గం మూడు, అలా. నేను వరుస నంబరు చదువుతాను, ఆయన రెప్ప వేస్తారు. ఆ వరుసలో అక్షరాలు చదువుతాను, మళ్లీ రెప్ప. తర్వాత తలకట్టు, దీర్ఘం, గుడి, అలా గుణింతం చదివితే మూడో రెప్ప. ఒక్క అక్షరానికి మూడు రెప్పలు. మొదటి రోజు త వర్గంలో 'ద' దగ్గర రెప్ప వేశారు. కొమ్ము దగ్గర వేశారు. 'దు'. నేను దుప్పటి అనుకుని కప్పాను. కళ్లెర్ర చేశారు. మళ్లీ మొదలుపెట్టాం. 'ర'. మళ్లీ 'ద'. దురద. ముక్కు మీద దురద! ఎంతసేపటి నుంచో! గోకితే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఇద్దరి మధ్యా ఆరు నెలల తర్వాత జరిగిన మొదటి సంభాషణ అది.

మన పిల్లలు హైదరాబాద్‌లో, అమెరికాలో ప్రపంచం మొత్తానికి సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. తునిలో ఒక మనిషి కళ్లతో 'దురద' అని చూస్తే, తన గొంతుతో, తన గోదారి యాసతో పలికే యంత్రం చేయడం వాళ్లకు చేతకాని పని అని నేను అనుకోను. ఎవరూ అడిగి ఉండరు. నేను అడుగుతున్నాను.

ఈ జబ్బు మరీ అరుదు అని సర్దిచెప్పుకోవడానికి లేదు. జీవితకాలంలో ప్రతి 300 మందిలో ఒకరికి వచ్చే అవకాశం ఉందని బ్రిటన్‌లో లెక్క చెబుతారు. మన జిల్లాల్లో ఎంతమంది "పక్షవాతం" పేరుతో తలుపు వెనక ఉన్నారో నాకు తలుచుకుంటేనే భయం వేస్తుంది. నేనే ఒకర్ని దాచాను కదా.

లీడ్స్‌లో సీక్రాఫ్ట్ ఆసుపత్రి ఆవరణలో రాబ్ పేరు మీద ఈ జబ్బువాళ్ల కోసం ఒక కేంద్రం కట్టాలని, 68 లక్షల పౌండ్లు పోగుచేయడానికి జనం పూనుకున్నారు. అతనికి వైద్యం చేసిన డాక్టర్ అగమ్ జంగ్ ముందుండి నడిపించారు. రోగి పది భవనాలు తిరగకుండా, డాక్టరు, ఫిజియో, మాట నేర్పేవాళ్లు, ఆహారం చూసేవాళ్లు అందరూ ఒకే చోట, ఇల్లులాంటి చోట ఉండాలన్నది రాబ్ కోరిక. దానికి మొదటి పార తట్ట పడ్డది 2024 జూన్ 3న. రాబ్ పోయిన మరునాడు. వాయిదా వేయవద్దని ఇంట్లోవాళ్లే అన్నారట. తెల్లవారుజామున మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, రాబ్ పోయాడు" అన్నప్పుడు నాకు మా ఇంట్లో మనిషి రెండోసారి పోయినట్టనిపించింది. జులై 7న, ఏడో నెల ఏడో తారీఖున, అంత్యక్రియలు జరిగాయి. కారు వెళ్లే దారి పొడవునా జనం నిలబడి చప్పట్లు కొట్టారు. చిన్నప్పుడు ఆడిన ఫెదర్‌స్టోన్ లయన్స్ ముంగిట్లోంచే తీసుకెళ్లారు.

మావారి కబడ్డీ పిల్లల్లో ఒకతను ఇప్పుడు పీఈటీ అయ్యాడు. కిందటి నెల అతన్ని ఇంటికి పిలిచి, ఆ రోజు గేటు దగ్గర అబద్ధం చెప్పానని చెప్పాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మాకు తెలుసు మేడమ్, కిటికీలోంచి సార్ మోకాలు కనపడింది" అన్నాడు. మాస్టారి విజిల్ అతనికిచ్చాను. కొత్తది, ఆయన కొన్నది, మోగనిదని మేం అనుకున్నది. గుమ్మంలో నిలబడి ఊదాడు. వీధి చివరిదాకా వినపడింది.

సంపాదకులకు నా కోరిక ఒక్కటి. నేను గీసిన ఆ చార్టు ఇంకా ఉంది. అట్ట నలిగింది కానీ అక్షరాలన్నీ కనపడుతున్నాయి. సగం పేజీ స్థలం ఇస్తే శుభ్రంగా తిరిగి రాసి పంపుతాను. మీరు అచ్చువేస్తే, ఏ ఊళ్లో ఎవరింట్లో అవసరమైతే వాళ్లు కత్తిరించుకుని అట్టకు అంటించుకుంటారు.

ఇట్లు
ఒక రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయిని,
తుని మండలం, కాకినాడ జిల్లా